మూడో వరస కుర్చీల కింద పుట్టేవి

ముక్కులోంచి తీసినదాన్ని కుర్చీ అడుగున ఎందుకు రాస్తారో నాకు ఈ వయసొచ్చినా అర్థం కాలేదు. జేబులో రుమాలుంటుంది, అది లేకపోతే ఎవరి చొక్కా వాళ్ళకుంటుంది. అయినా చెయ్యి తిన్నగా కుర్చీ కిందికే పోతుంది. ఇది ఎవరో చెబితే విని రాస్తున్న మాట కాదు. మా మరదలు చేతిలైటు పట్టుకుంటే మోకాళ్ళ మీద కూలబడి నా రెండు కళ్ళతో చూశాను. రెండొందల నలభై కుర్చీలు. శుభ్రంగా ఉన్నది ఒక్కటీ లేదు. నమిలి అంటించిన బబుల్‌గమ్ములు ఎండి, రాయిలా బిగిసి, పళ్ళ అచ్చులతో సహా అలాగే ఉన్నాయి. ఒకదాంట్లో ఏ పిల్లదో పాలపన్ను కూడా ఇరుక్కుని ఉంది. ఆ వేళ ఇంటికొచ్చి తలమీంచి పోసుకున్నా నాకు రెండు పూటలు ముద్ద దిగలేదు.

మా మరదలంటే మా తమ్ముడి భార్య. వాళ్ళు మేడమీద రెండు గదుల్లో ఉంటారు, నేను కింద ఉంటాను. వీధిలో నన్ను పెద్దమ్మ అంటారు, తనని దుమ్ములక్క అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ అచ్చంగా అతికిపోయింది. పనినుంచి వచ్చేటప్పటికి తన కనుబొమలు రెండూ బూడిదరంగులో ఉంటాయి. మా తమ్ముడు గడియారాలు బాగుచేస్తాడు. వాడికి నలుసంత దుమ్ము పడితే పని చెడుతుంది, మరదలికి దుమ్ము లేకపోతే పనే లేదు. ఇద్దరికీ ఎలా కుదిరిందో పెళ్ళినాడు ఎవరూ ఆలోచించలేదు. అందుకని వాడు మెట్ల దగ్గర ఒక బ్రష్షు వేలాడదీశాడు, దులుపుకున్నాకే పైకి రావాలని. దులుపుకునేది నా గుమ్మంలో, రాలిందంతా పడేది నా గుమ్మంలో. ఇరవై రెండేళ్ళుగా ఆ దుమ్ము నేనే ఎత్తిపోస్తున్నాను. కాబట్టి తన సంగతి నేనే రాయాలి.

తను పనిచేసేది నక్షత్రశాలలో. బోర్లించిన గిన్నెలాంటి పెద్ద గుమ్మటం అది. లోపల దీపాలార్పేసి కప్పు మీద ఆకాశం చూపిస్తారు. కుర్చీలు వెనక్కి వాలతాయి. రోజుకి నాలుగు ఆటలు. ఆట నడుస్తున్నంతసేపూ మరదలు లోపల తలుపు పక్కన ఒక బకెట్టు పెట్టుకుని నిలబడాలి. బకెట్టులో రంపపు పొట్టు ఉంటుంది. అదెందుకని నేను మొదట్లో అడిగితే చెప్పకుండా మాట మార్చింది. తర్వాత తెలిసింది. ఆకాశాన్ని గిర్రున తిప్పినప్పుడు వెల్లకిలా పడుకుని చూసేవాళ్ళకి కడుపులో తిప్పుతుంది. మామూలప్పుడు వారానికి ముగ్గురు, బడి సెలవుల్లో రోజుకి ముగ్గురు. చీకట్లోనే వెళ్ళి, వాసన పట్టుకుని చోటు కనుక్కుని, పొట్టు చల్లి, పక్కవాళ్ళకి చప్పుడు తెలియకుండా ఎత్తేయాలి. పైన నక్షత్రాలు పుడుతుంటే తను కింద ఆ పనిలో ఉండేది.

నేను తనని ఊరికే వదిలేదాన్ని కాదు. సాయంత్రం మెట్ల మీద కూర్చోబెట్టి, టీ గ్లాసు చేతిలో పెట్టి, ఇవాళ ఏం చూపించారు, ఏం చెప్పారు అని తవ్వేదాన్ని. నాది అయిదో తరగతి చదువు. మా పుస్తకంలో సూర్యుడు గుండ్రటి మొహంతో నవ్వుతూ ఉండేవాడు. అతనెక్కణ్ణుంచి వచ్చాడని అడిగితే టీచరమ్మ కూర్చోమంది. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండిపోయాను. మరదలు ఆ పనిలో చేరాక మళ్ళీ లేచాను.

అప్పట్లో రికార్డు గొంతు లేదు. ఒక మాస్టారు మైకు పట్టుకుని స్వయంగా చెప్పేవారు. సన్నటి మనిషి, ఆయాసం మనిషి, దుమ్ము అసలు పడదు. అయినా ఆఖరి ఆట అయ్యాక మరదలు చీపురు పట్టేదాకా మొదటి వరసలో కూర్చుని తన అనుమానాలు తీర్చేవారు. ఆ అనుమానాల్లో సగం నావి. మా వదిన అడగమందండీ అని తను మొదలుపెట్టేదట. కొన్నాళ్ళకి ఆయనే, మీ వదిన ఇవాళ ఏమంటుందమ్మా అని అడగడం మొదలుపెట్టారట. నేను ఆయన్ని ఒక్కసారే చూశాను. నా గురించి అంత విన్న మనిషి నన్ను చూసి, మీరు ఇంకా పొడుగ్గా ఉంటారనుకున్నానన్నారు.

అలా ఏళ్ళ తరబడి చుక్క చుక్కగా నా చెవిన పడింది ఇది. నక్షత్రాల మధ్య చోటు ఉత్తిది కాదు, అక్కడా గాలీ దుమ్మూ ఉన్నాయి. గాలంటే మనం పీల్చేది కాదు, ఉందా లేదా అన్నంత పలచన. కానీ మేఘం ఎంత పెద్దదంటే, వెలుగంత వేగంగా పోయేది కూడా ఈ కొసనుంచి ఆ కొసకి చేరడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. అంత మేఘంలో ఎక్కడో ఒకచోట కాస్త చిక్కబడుతుంది. చిక్కబడ్డచోట బరువు. బరువున్నచోటికి చుట్టుపక్కలది వచ్చి పడుతుంది, పడ్డకొద్దీ బరువు ఇంకా పెరుగుతుంది. నడిమికి కుంగి కుంగి, నొక్కుకుపోయి, వేడెక్కి, ఒకనాటికి లోపల రగులుతుంది. పొయ్యిలో మంటలాంటిది కాదట, ఇంకేదో లోతు పని. అది మాత్రం మూడుసార్లు అడిగించినా నా తలకెక్కలేదు. ఏదైతేనేం, అదే నక్షత్రం. మన సూర్యుడూ అలా పుట్టినవాడే. అందులో పడకుండా మిగిలింది చుట్టూ పళ్ళెంలా తిరుగుతూ ఉంటుంది. ఆ పళ్ళెంలో దుమ్ము ఉండలు కట్టి, ఉండలు ఉండలతో కలిసి, గ్రహాలు. మనం కాళ్ళు పెట్టి నడిచే నేల కూడా ఆ పళ్ళెంలోదే.

విన్నప్పుడు ముందు నాకు రోత పుట్టింది. అంత ఆకాశమూ తీరా చూస్తే మంచం కింద పేరుకున్న దుమ్మేనా అన్నాను. మరి ఏమనుకున్నావు వదినా అంది మరదలు, కొత్తకోడలికి ఇంటి సంగతులు చెబుతున్నట్టు.

తనకి అందులో వింతేం కనబడలేదు. రోజూ చూస్తున్నదే. ఊడ్చేందుకు తనకో పద్ధతుంది. ఆట అవగానే చీపురు పట్టదు. ముందు చల్లగాలి ఆపిస్తుంది, తలుపులు మూయిస్తుంది, అరగంటసేపు మాస్టారిని తప్ప ఎవర్నీ లోపల ఉండనివ్వదు. జనం లేపి వెళ్ళిన దుమ్మంతా మెల్లగా దిగాలి. అప్పుడు గోడ వెంబడి మొదలుపెట్టి గుండ్రంగా లోపలికి వస్తుంది. అన్నిటికంటే ఆఖరున మూడో వరస. ఆ వరస మీదికి చల్లగాలి గొట్టం దిగుతుంది. ఆ గాలి కుర్చీల కింద సుడి తిరుగుతుంది. సుడిలో బట్టల నూగు, రాలిన జుట్టు, తలలోని చుండ్రు, తివాచీ పీచు అన్నీ చేరి ఉండలు కడతాయి. పొద్దున ఆవగింజంత ఉన్నది సాయంత్రానికి గోలీకాయంత. మధ్యలో సెలవు వస్తే నిమ్మకాయంత. పెద్దది దొర్లుతూ చిన్నవాటిని తనకి అంటించుకుంటుంది.

ఇదంతా చూడాలని నేనే పట్టుబట్టి ఒకసారి వెంట వెళ్ళాను. మొదట చెప్పిన కుర్చీల సంగతి కూడా ఆనాటిదే. నేను ముక్కుకి రుమాలు కట్టుకుని నిలబడ్డాను. తను మాత్రం ఒక ఉండని అరచేతిలో పెట్టుకుని పొరలు పొరలుగా విప్పింది. నడిమధ్య ఎవరిదో కాలి గోరు ముక్క. దాన్ని పట్టుకునే మిగతాదంతా చుట్టుకుంది. చూశావా, మొదలు ఇక్కడ అని చూపించింది. ఆ చూపించడంలో ముచ్చట ఉంది, పసిపిల్ల వేలు విప్పి చూపించినట్టు. నేను బయటికి వచ్చేశాను.

కిందటేడు మాస్టారు రిటైరయ్యారు. ఆయన వెళ్ళాక గుమ్మటం మూడు నెలలు మూసి మరమ్మతులు చేశారు. రికార్డు గొంతు పెట్టారు. కొత్త ఇన్‌ఛార్జి వచ్చాడు. అతని బల్ల మీద చేతులకి రాసుకునే మందు సీసా ఒకటి ఉంటుంది. ఎవరు ఏ కాగితం ఇచ్చినా అందుకుని, చదివే ముందు చేతులు రుద్దుకుంటాడు. మరదలు ఇచ్చినది అందుకోడు, అక్కడ పెట్టు అంటాడు. తివాచీ మార్చమని తను మూడుసార్లు చెప్పినా మార్చలేదు గానీ, వసారాలో గోడంత బోర్డు మాత్రం వేయించాడు. వెనకనుంచి దీపాలు, మిలమిలలాడే బొమ్మలు, కింద అక్షరాలు. గ్రహాలు పుట్టిన బొమ్మ కింద ఇలా ఉంది: సన్నని ధూళికణాలు తమ బరువుతో ఒకదానినొకటి లాక్కొని ఉండలుగా మారాయి.

మరదలు బోర్డు తుడుస్తూ అది చదివింది. మర్నాడు కూడా చదివింది. ఆ సాయంత్రం మెట్ల మీద టీ చల్లారబెట్టుకుని కూర్చుంది.

"అది తప్పు వదినా," అంది.

తప్పెలాగో నాకు విడమరిచి చెప్పింది. మొత్తం మేఘం నడిమికి కుంగడానికి బరువే కారణం, అందులో అనుమానం లేదు. కానీ నలుసుకీ నలుసుకీ మధ్య లాక్కునేంత బరువు ఎక్కణ్ణుంచి వస్తుంది? నలుసు నలుసుని లాగదు. తిరుగుతూ తిరుగుతూ తగులుతుంది, తగిలినప్పుడు అంటుకుంటుంది, తల దువ్విన దువ్వెనకి కాగితం ముక్క అంటుకున్నట్టు. అలా పెరిగి పెరిగి కొండంత అయ్యాకనే బరువుకి పని. ముందు అంటుకోవడం, తర్వాత లాక్కోవడం. మాస్టారు ప్రతి ఆటలోనూ ఆ వరసలోనే చెప్పేవారు. వీళ్ళు రెండోదాన్ని తెచ్చి ముందు పెట్టారు.

పోనిద్దూ, ఎవరు చదవొచ్చారు అన్నాను. రోజుకి ఎనిమిదొందలమంది అంది.

ఆగలేక వెళ్ళి ఇన్‌ఛార్జికి చెప్పింది. అతను ఫోను చూసుకుంటూ విన్నాడట. అంతా విని, నువ్వు ఊడ్చేదేమిటి, చెప్పేదేమిటి అన్నాడట. ఇంకోసారి బోర్డు గురించి నోరెత్తితే వెనకాల బాత్రూములకి వేస్తానన్నాడు. తను గుమ్మం దాటకముందే మందు సీసా నొక్కిన చప్పుడు వినబడిందట. అది విని నాకు ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళు జనం కక్కింది ఎత్తిన చేతులవి. అతను మాటకే చేతులు కడుక్కున్నాడు.

బాత్రూములంటే తనకి కంపు భయం కాదు. కంపుకి భయపడే రోజులు ఎప్పుడో పోయాయి. అవి గుమ్మటానికి వెనకవైపు, విడిగా ఉన్నాయి. అక్కడ వేస్తే ఇక లోపలికి అడుగుపెట్టే పని ఉండదు. ఆట ఉండదు, అరగంట నిశ్శబ్దం ఉండదు, మూడో వరస ఉండదు. మా తమ్ముడు కూడా, బోర్డు నీ సొత్తా, ఊరుకో అన్నాడు. తను ఊరుకుంది. బోర్డు తుడిచేటప్పుడు ఆ ఒక్క వాక్యం మీద గుడ్డ వేసి, చూడకుండా తుడిచేదట.

ఊరుకున్నది నోరే. ఒక ఆదివారం పొద్దున నేను చక్కెర కోసం చూస్తే సీసా లేదు. చక్కెరంతా గిన్నెలో పోసి ఉంది. పెరట్లోకి వెళ్తే మరదలు బల్ల ముందు కూర్చుని రెండు గాజు సీసాలు అరచేతుల కింద పెట్టి అప్పడాల కర్రలా దొర్లిస్తోంది. రెండూ నావే. ఒకదాంట్లో పక్కింటి కట్టుబడి దగ్గర తెచ్చిన పొడి ఇసక. రెండోదాంట్లో, చెప్పడానికి నాకు నోరు రావడంలేదు, గుమ్మటంలో దుమ్ము పీల్చే యంత్రం సంచీలోంచి తెచ్చిన గుప్పెడు. చక్కెర ఉన్న సీసాలో. ఎవరి నెత్తిదో పొడుగాటి వెంట్రుక గాజుకి లోపలివైపు అతుక్కుని ఉంది.

నేను నోరు విప్పేలోపల, తిట్టేముందు ఒకటి చెప్పు వదినా అంది. ఇసక బరువా, నూగు బరువా? ఇసకే బరువన్నాను. ఇటు చూడు అంది. నూగు సీసాలో గసగసాలంత నుంచి బఠాణీగింజంత దాకా ఉండలు, ఒకదాన్నొకటి అంటుకుంటూ. ఇసక సీసాలో ఇసక. వంద తిప్పులు తిప్పినా, రెండొందలు తిప్పినా ఇసక ఇసకలాగే ఉంది.

"బరువే లాగేదైతే ముందు ఇసక కదా ఉండ కట్టాలి," అంది.

నేను తిట్టడం మరిచిపోయాను. తర్వాత గుర్తొచ్చి తిట్టాను. ఆ సీసాలు మెట్లెక్కకూడదని మా తమ్ముడు పైనుంచి కేకేశాడు. అందుకని అవి నా వంటింటి కిటికీలోనే ఉండిపోయాయి. రోజూ టీ తాగుతూ ఎదురుగా ఆ వెంట్రుకని చూడాల్సివచ్చేది. పారేయాలని ఎన్నోసార్లు చెయ్యి చాచాను. మూత మీద చెయ్యి వేసి మళ్ళీ ఒకసారి దొర్లించి అక్కడే పెట్టేదాన్ని.

నెల తిరిగాక గుమ్మటం చూడటానికి పై ఆఫీసునుంచి ఒక సైన్సు మేడం వస్తోందన్నారు. కుర్చీలు నిండుగా కనబడాలని ఇన్‌ఛార్జి పనివాళ్ళందర్నీ ఇంట్లోవాళ్ళని తెచ్చుకోమన్నాడు. మా తమ్ముడు దుమ్ము వంక పెట్టి రాలేదు. నేను వెళ్ళాను. సంచీలో రెండు సీసాలూ పెట్టుకున్నాను. మరదలికి చెప్పలేదు. ఎందుకు పట్టుకెళ్ళావని తర్వాత తను అడిగితే, చూద్దామని అన్నాను. ఏం చూద్దామనో నాకే తెలియదు.

మేడం చిన్న మనిషి, నెరిసిన జుట్టు, అరిగిన చెప్పులు. ఇన్‌ఛార్జి ఆమెకి అడుగు ముందు నడుస్తూ వసారాలో బోర్డు చూపించాడు. మేడం నెమ్మదిగా చదువుకుంటూ వచ్చి, ఆ వాక్యం దగ్గర కాస్త ఆగి, వెనక్కి తిరిగి మా అందర్నీ చూసి, ఏమైనా అడగాలని ఉందా అంది. మరదలు స్తంభం పక్కన గుడ్డ పట్టుకుని నేల చూపులు చూస్తోంది. ఊరుకోవాలని తను ఎంత గట్టిగా అనుకుందో ఆ గుడ్డ పిసుకుతున్న తీరులోనే తెలుస్తోంది. నాకు తెలిసింది. తెలిసీ నా నోరు ఊరుకోలేదు.

ముందుకి వెళ్ళి, అమ్మా ఈ రాసిందంతా తప్పు అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. దుమ్ముకి బరువుండదు, మేఘానికీ బరువుండదు, బరువనేదే అబద్ధం, అంతా జిగురే అన్నాను. ఇదిగో కావాలంటే చూడండని సంచీలోంచి సీసా తీసి పైకెత్తాను. అది ఇసక సీసా. చూడండి ఎలా ఉండలు కట్టిందో అన్నాను. జనం నవ్వారు. ఇన్‌ఛార్జి అందరికంటే గట్టిగా నవ్వి, పెద్దావిడ టీవీలో ఏదో చూసినట్టున్నారు అన్నాడు. మేడం మాత్రం నవ్వలేదు, ఇసకలోకి చూసింది, ఉండల కోసం.

"వదినా, అలా కాదు."

స్తంభం దగ్గరనుంచి. గుడ్డ అక్కడే నేల మీద ఉంది. నన్ను చూసి నవ్వినందుకు తను వచ్చిందని వీధిలో చెప్పుకుంటారు. అది నిజం కాదు. నేను తప్పు చెబుతుంటే ఓర్చుకోలేక వచ్చింది. బోర్డు తప్పుని నెలరోజులు మింగింది గానీ, నా తప్పు మింగుడుపడలేదు. నా చేతిలోంచి ఇసక సీసా తీసుకుని, సంచీలో చెయ్యి పెట్టి రెండోది తీసింది.

"మేఘానికి బరువుందమ్మా, లేకపోతే సూర్యుడే లేడు. మా వదిన తప్పు చెప్పింది. ఈ బోర్డూ తప్పు చెప్పింది. నలుసు నలుసుని లాగదు, తగిలి అంటుకుంటుంది. కొండంత అయ్యాక అప్పుడు లాగుతుంది."

ఎలా తెలుసని మేడం అడిగింది. రోజూ ఊడుస్తానమ్మా అంది మరదలు. సీసాలో ఉన్నదేమిటంటే, మీవంటివాళ్ళ జుట్టూ, బట్టల నూగూ అని చెప్పింది. మేడం ఏం చేసిందో తెలుసా, మూత తీసి వేలు పెట్టి ఒక ఉండని నొక్కి చూసింది. ఇన్‌ఛార్జి మొహం ఎండిన ఉసిరికాయలా ముడుచుకుని, జేబులోంచి చిన్న మందు సీసా తీసి ఆమె ముందు చాచాడు. ఆమె తీసుకోలేదు. మూత పెట్టి, రెండు సీసాలూ టికెట్ల బల్ల మీద పక్కపక్కన పడుకోబెట్టి దొర్లించింది. చాలాసేపు దొర్లించింది.

"ఈవిడ చెప్పింది సరైనది," అంది. "ఆ వాక్యం మార్చండి."

టైపు చేసినవాడి పొరపాటండీ అన్నాడు ఇన్‌ఛార్జి, చిరునవ్వుతో. అప్పటికప్పుడు ఒక టైపు చేసినవాణ్ణి పుట్టించాడు. మేడం సాయంత్రం బండెక్కి వెళ్ళిపోయింది. సోమవారం పొద్దున మరదలి చేతికి పొడుగు కర్ర బ్రష్షు, తన వేళ్ళకి సరిపోని రబ్బరు తొడుగులు ఇచ్చారు. కాగితం ఏమీ లేదు, మాటే. అందరికీ వంతులే అన్నాడట. మిగతావాళ్ళ వంతు ఇప్పటిదాకా రాలేదు.

నేను వెళ్ళి అడిగాను. తప్పు నాది, నోరు నాది, దానికి ఈవిడేం చేసిందన్నాను. సగం తెరిచిన తలుపులోంచే, మీకు ఇక్కడేం పని అన్నాడు. ఆ సగం తలుపులోంచి కూడా మందు వాసన వచ్చింది. బయట అంత శుభ్రం, లోపల అంత కుళ్ళు నేను ఇంకెక్కడా చూడలేదు. ఇంటికొచ్చి మరదలికి నా తప్పు ఒప్పుకున్నాను. తను చాలాసేపు బ్రష్షుతో చీర దులుపుకుని, ఇప్పుడు రాలడానికేం లేదు వదినా, అక్కడంతా తడి అంది. నిజమే. నా గుమ్మంలో దుమ్ము పడటం మానేసింది. ఊడ్చుకునేందుకు ఏమీ లేక పొద్దున్నే నాకు ఏమీ తోచడంలేదు.

మూడు వారాలు పోయాక, బోర్డు మార్చారని తెలిసి చూడటానికి వెళ్ళాను. ముందు వెనకవైపుకి వెళ్ళాను మరదల్ని పలకరిద్దామని. ఎనిమిదొందలమంది వాడే చోటు ఎలా ఉంటుందో రాయను. మగవాళ్ళ వైపు గోడ మీద తడి ఎంత ఎత్తుదాకా ఉందో మాత్రం చూశాను. అంతమంది మగవాళ్ళలో ఎదురుగా ఉన్నదానికి గురి పెట్టగలిగినవాడు ఒక్కడూ లేడా అనిపించింది. వీళ్ళే అయిదు నిమిషాల క్రితం నక్షత్రాల్ని చూసి ఆహా అన్నవాళ్ళు. మరదలు లోపల గదిలో తోముతోంది. నేను తర్వాత వస్తానని వసారాకి వెళ్ళాను.

వాక్యం మార్చారు. బోర్డు కింద కొత్తగా ఇన్‌ఛార్జి పేరు కూడా వేశారు, పరిశీలన, పర్యవేక్షణ అని. పక్కన ఒక అద్దాల పెట్టె. పెట్టెలో నా సీసాలు, ఆనాడు టికెట్ల బల్ల మీద మర్చిపోయినవి. నా చక్కెర సీసా మూత మీద పెచ్చు ఊడిన గుర్తు నాకు తెలియదా. ఒకదాంట్లో రంగులేసిన ఇసక. రెండోదాంట్లో తెల్లటి దూది, మందుల కొట్లో దొరికేది. ఎవరో వేళ్ళతో నులిమి అయిదు ఉండలు చేసి వరసగా పెట్టారు. మూతలు జిగురుతో అతికించారు. తాకరాదు అని రాశారు. నాకు ఆ వెంట్రుక ఉన్న రోజుల్లో కూడా ఇంత రోత పుట్టలేదు. ఆ మురికి తనంతట తను ఉండ కట్టింది. ఈ తెల్లదానికి మనిషి వేళ్ళు కావాల్సివచ్చాయి.

వాక్యాన్ని బస్సు టికెట్టు వెనక రాసుకున్నాను. ఆట విడిచే సమయమయింది. ఎలాగూ వచ్చాను కదా అని జనం బయటికి వస్తుంటే నేను లోపలికి వెళ్ళాను. మరదలి స్థానంలో ఇప్పుడు ఇద్దరు మనుషులు యంత్రం పట్టుకుని వస్తారు. చల్లగాలి ఆపరు, తలుపులు మూయరు, నడవల్లో ఇలా పోయి అలా వచ్చేస్తారు. అయిదు నిమిషాల పని. వాళ్ళు వెళ్ళాక మూడో వరస దగ్గర మోకాళ్ళ మీద కూలబడ్డాను. గొట్టం కింది కుర్చీ వెనక, గోడవారగా ఉంది. నిమ్మకాయ కంటే పెద్దది. బూడిదరంగు, గుండ్రం. పక్కన ఇంకో నాలుగు చిన్నవి.

రుమాలు కోసం చూశాను, లేదు. ఉత్త చేత్తోనే తీశాను. పిట్టపిల్లంత తేలిక, మెత్తగా, గోరువెచ్చగా. రెండో చెయ్యి మీద మూతలా పెట్టి, అలాగే వెనకవైపుకి నడిచాను.

మరదలు ముందు టికెట్టు మీదిది చదవమంది. చదివాను. ధూళికణాలు ఒకదానికొకటి తగిలినప్పుడు అంటుకొని పెరిగాయి. కొండంత పెరిగిన తరువాత వాటి బరువు ఇతర ఉండలను లాగసాగింది.

"కొండంత అన్నది ఉంచారా?"

"ఉంచారు."

"అది మాస్టారి మాట," అంది. ఇంకోసారి చదివించుకుంది. అద్దాల పెట్టె సంగతి, దూది సంగతి, కింద వేసుకున్న పేరు సంగతి నేను పళ్ళు కొరుకుతూ చెబుతుంటే బకెట్టులో నీళ్ళు నింపుకుంటూ వింది. దూది అన్నప్పుడు మాత్రం, పెట్టెలో పెడితే అది దొర్లదు కదా అంది.

అప్పుడు నా చేతులు విప్పి చూపించాను. తను తొడుగు లాగేసి, తడి అరచేయి రవికకి తుడుచుకుని అందుకుంది. వెలుగు వైపు పెట్టి చూసింది. విప్పలేదు.

"మూడు వారాలది," అంది. "ఎవరూ కదపలేదు."

ఆ గదుల్లో తడి లేని చోటు ఒకటే, పై కిటికీ గట్టు. మునివేళ్ళ మీద లేచి దాన్ని అక్కడ పెట్టింది. నేను చేతులు కడుక్కుందామని తిరిగాను. సబ్బు లేదు, సబ్బు ఉండాల్సిన పళ్ళెంలో ఒక వెంట్రుక ఉంది. పొద్దున్నే పెట్టిన సబ్బట. అది కూడా ఎవరో ఎత్తుకుపోయారు.